జయమ్మ చెప్పిన ఎత్తు, నేను వేసిన ఎత్తు

ఆరేళ్లుగా ఒక్క సంగతి దిగమింగుకుని తిరుగుతున్నాను. నోరు మూసుకోవడం నాకు చేతకాదని మా ఇంట్లోనూ, నేను లెక్కలు చెప్పే కాలేజీలోనూ అందరూ అంటారు. నిజమే. ప్రిన్సిపాల్‌తో అయినా, ఆటో అతనితో అయినా వాదన మొదలైతే గెలిచాకే ఇంటికి వస్తాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నోరు విప్పలేదు. వాదించడానికి ఏమీ లేదు. తప్పు నాది.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మొన్న నన్నొక వ్యాసం రాయమన్నారు. ఆన్‌లైన్ చదరంగం జట్లకు కొత్తగా కెప్టెన్లయిన వాళ్లకు సలహాలు. ఖమ్మం, భద్రాచలం వైపు వాళ్లమంతా కలిసి పెట్టుకున్న జట్టుకు ఎనిమిదేళ్లుగా నేనే కెప్టెన్‌ని. అనుభవం ఉన్నదాన్నట. కూర్చున్నాను. ఆటగాళ్ల పాస్‌వర్డ్‌లు మీ దగ్గర పెట్టుకోకండి అని రాశాను. ఎవరి తరఫునా మీరు ఎత్తు వేయకండి అని రాశాను. ఆ తర్వాత చెయ్యి సాగలేదు. ఈ తెలివి నాకెక్కడి నుంచి వచ్చింది? ఎవరిని ముంచి నేర్చుకున్నాను?

మా ఆట రోజుల తరబడి సాగుతుంది. ఒక్కో ఎత్తుకు మూడు రోజుల గడువు. దాటితే ఆట పోయినట్టే. ఖమ్మంలో కూర్చున్నవాళ్లకు మూడు రోజులంటే బోలెడు. టేకులపల్లి దాటి అడవిలో ఉన్నవాళ్లకు వానాకాలంలో అవి ఎటూ చాలవు. అందుకని మా జట్టులో ఒక అలవాటు ఉండేది. వానలు పడగానే లోపలి ఊళ్లవాళ్లు పాస్‌వర్డ్ నాకు ఇచ్చేవాళ్లు. మాట వినబడేపాటి సిగ్నల్ దొరికితే ఫోన్ చేసి ఎత్తు చెప్పేవాళ్లు. నేను బూర్గంపాడులో మా ఇంట్లో కూర్చుని వాళ్ల పేరు మీద వేసేదాన్ని. ఆట నడిపే సైటు ఇది ఒప్పుకోదని నాకు తెలుసు. మన ఊళ్ల సంగతి వాళ్లకేం తెలుసని నేనే వాదించాను. జట్టంతా తలూపింది.

అలా పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లలో జయమ్మ ఒకరు. కోయ ఊరి మనిషి, అంగన్‌వాడీ టీచరు. ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజుల్లో ఆట నేర్చుకుంది. తొందరపడేది కాదు. నేనైతే పది ఎత్తుల్లో తెగ్గొట్టే ఆటను ఆమె నలభై ఎత్తులు నడిపి గెలిచేది. ఆ నిదానం నాకు నచ్చేది కాదు. అబద్ధం ఎందుకు, ఆమె నాకంటే బాగా ఆడటమే నచ్చేది కాదు. ఆ ఏడు ఆ పాఠశాల వాళ్లే ఆమెను పిలిచి, దసరా సెలవుల తర్వాత ఆదివారాలు వచ్చి ఆడపిల్లలకు ఆట నేర్పమన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తు కంటే ముందు ఆ ముచ్చటే చెప్పేది.

ఆ వానాకాలం కోస్తా వైపు జట్టొకటి మాకు ఎదురుపడింది. అందరి ఆటలూ అయిపోయేసరికి రెండు జట్లూ సమానం. మిగిలింది జయమ్మ ఆట ఒక్కటే. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, ఏనుగును ఒక గడి వెనక్కి జరపమని చెప్పి, పిల్లలకు గుడ్లు పెట్టాలని వెళ్లిపోయింది. ఏనుగును వెనక్కా? గెలిచి తీరాల్సిన ఆటలోనా? తిరిగి ఫోన్ చేసి ఎందుకని అడగొచ్చు. గడువు ఇంకా రెండు రోజులుంది. అడగలేదు. ఆ ఆటను నా ల్యాప్‌టాప్‌లో ఎత్తులు చెప్పే ప్రోగ్రాంకు ఇచ్చాను. అది గుర్రాన్ని బలిపెట్టమంది. మనిషికి తట్టే ఎత్తు కాదు. జయమ్మ పేరు మీద వేసేశాను.

తర్వాత వాగు పొంగింది. వారం రోజులు ఆ ఊరికి దారి లేదు, సిగ్నల్ లేదు. ఆ వారంలో ఇంకో ఎనిమిది ఎత్తులు వేశాను. అన్నీ ప్రోగ్రాం చెప్పినవే. గెలిచాం. జట్టు గ్రూపులో జయమ్మను అందరికంటే ముందు మెచ్చుకున్నది కూడా నేనే.

పదిరోజులకు సైటు వాళ్లు ఆమె ఖాతా మూసేశారు. కంప్యూటర్ సాయంతో ఆడినట్టు తేలిందన్నారు. గెలుపు పోయింది. సిగ్నల్ లేదు లేదంటూనే ఎంత పని చేసిందని ఒకరు, నెమ్మదస్తులనే నమ్మకూడదని ఇంకొకరు. ఆమె పాస్‌వర్డ్ నా దగ్గర ఉందని అందరికీ తెలుసు. ఒక్కరూ నా వైపు చూడలేదు. నేను కాలేజీలో చెప్పేదాన్ని, ఆమె అడవి ఊరి మనిషి. ఎవరిని అనుమానించాలో తేల్చుకోవడం జట్టుకు పెద్ద కష్టం కాలేదు. నా మాట కోసం ఎదురుచూశారు. ఎవరైనా సరే నియమం నియమమేనని రాసి, ఆమెను జట్టులోంచి తీసేశాను.

ఆ సాయంత్రం జయమ్మ ఫోన్ చేసింది.

“మేడం, నేను ఏనుగును కదా జరపమన్న. గుర్రం ఎట్ల పోయింది?”

“నీ పాస్‌వర్డ్ ఇంకెవరికన్న చెప్పినవా?” అన్నాను.

“మీకే చెప్పిన. మా ఇంట్ల నా ఫోన్ ముట్టేటోళ్లు గూడ లేరు.”

“అయితే ఏంది, నేను చేసిన్నంటవా?”

అక్కడే లైన్ పోతే బాగుండని ఆశపడ్డాను.

“అట్ల ఎందుకంట మేడం. మీరు చదువుకున్నోళ్లు. మీరట్ల చెయ్యరు.”

“మరింకేంది?”

“బడోళ్లు అడుగుతున్నరు. నేను గసుంటిదాన్ని కాదని వాళ్లకొక్క మాట చెప్పున్రి. మీరు చెప్తే ఇంటరు.”

“చూస్త తియ్,” అని పెట్టేశాను.

చూడలేదు. పాఠశాల నుంచి సారు ఫోన్ చేస్తే, సైటు వాళ్లు తేల్చాక నేను చెప్పేదేముందన్నాను. ఆయన ఆమెను మళ్లీ పిలవలేదు. ఆదివారాలు ఆట నేర్పడం మొదలే కాలేదు.

మీరట్ల చెయ్యరు. నమ్మి అందా? తెలిసే అందా? తెలిసి, నాకు నేనుగా బయటపడే దారి ఇచ్చి, నేను ఆ దారిలో అడుగు పెట్టకుండా ఆమెకే ఎదురు ప్రశ్న వేస్తుంటే ఓపికగా విని, చివరికి ఒక్క మాట సాయం మాత్రమే అడిగిందా? ఆరేళ్లుగా రెండు వైపులా వాదిస్తున్నాను. ఏ వైపు గెలిచినా ఓడేది నేనే.

ఏడాది తర్వాత ఆమె చెప్పిన ఎత్తును కూడా ప్రోగ్రాంకు ఇచ్చి చూశాను. ఏనుగు వెనక్కి వస్తే పక్క వరుసలోకి దారి తెరుచుకుంటుంది. అవతలి రాజుకు ఇక తప్పించుకునే చోటు లేదు. నిదానంగానైనా గెలిచే ఆట. నేను ముట్టుకోకపోతే చాలు.

కెప్టెన్‌గా దిగిపోదామని రెండుసార్లు అనుకున్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఉంటేనేమో ఇంకో నరకం. సొంత జట్టు మనిషినైనా వదల్లేదని నన్ను పొగుడుతారు. ఆ వ్యాసం అడిగింది కూడా ఈ పేరు చూసే. నిరుడు కొత్తగూడెం బస్సులో జయమ్మ కనబడింది. పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. కూర్చోక తప్పలేదు. పిల్లల గురించి అడిగింది, మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది. ఆట ఊసెత్తలేదు. గంటసేపు ఆమె భుజం నా భుజానికి తగులుతూ ఉంది. ఇంత నోరున్నదాన్ని, ఒక్క ముక్క రాలేదు.

కొత్తగా కెప్టెన్ అయినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆగిపోయిన మూడో సలహా ఇదే. మీ ఆటగాళ్ల ఎత్తు మీకు అర్థం కాకపోతే, అడగండి. అర్థం కాకపోవడం మీ లోపం కావచ్చు.

ఇంత రాసి నా పేరు పెట్టలేదు. ఆమె అసలు పేరూ జయమ్మ కాదు, ఊళ్ల పేర్లూ మార్చాను. అసలువి రాస్తే మా వైపు వాళ్లు నన్ను ఇట్టే పోల్చుకుంటారు. అంటే ఆమె మీది మచ్చ ఇంకా అక్కడే ఉంది. ఇది ఒప్పుకోలు అవుతుందా, ఇంకో దాపరికమా? ఆ సారుకు ఫోన్ చేసే ధైర్యం రేపు వస్తుందని మీకు మాటివ్వలేను. నా మాట ఎంతటిదో ఇప్పుడు మీకూ తెలుసు. క్షమించమనీ అడగను, అది మీ చేతిలో లేదు.

జయమ్మ మోసం చేయలేదు. చేసింది నేను. ఈ రెండు వాక్యాలు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇప్పుడు మీరు చదివారు కాబట్టి, ఆ మాటలు లేవని ఇక నేను బుకాయించలేను. అంతవరకే నాకు ఊపిరి ఆడుతోంది.