అరవై రోజులని చెప్పాను

వేలూరులో ఒక న్యాయవాదుల సంఘానికి సొంత గ్రంథాలయం ఉంది. ఇరవై ఏడేళ్లుగా నేను అందులో లైబ్రేరియన్‌ని. రోజూ గుడియాత్తం నుంచి బస్సులో వచ్చి పోతాను. నేను న్యాయవాదిని కాను. వాళ్లకు కావలసిన తీర్పు ఏ సంపుటంలో ఉందో, ఏ సెక్షన్ ఎప్పుడు మారిందో వెతికి చేతికి అందించడం నా పని.

మొదట్లో అది నిజంగా చేతులతో చేసే పనే. చట్టానికి సవరణ వస్తే ప్రచురణకర్తలు చిన్న చీటీలు అచ్చేసి పంపేవాళ్లు. వాటిని కత్తిరించి, పాత సెక్షన్ పక్కన జిగురుతో అంటించేవాణ్ణి. శనివారం మధ్యాహ్నాలన్నీ ఆ పనికే పోయేవి. కంప్యూటర్ వచ్చాక సంఘం ఆ చీటీలు తెప్పించడం మానేసింది. న్యాయవాదులు తీర్పులు ఫోన్‌లోనే చదువుకోవడం మొదలుపెట్టారు. లోపలికి వచ్చేవాళ్లలో సగం మంది ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చేవాళ్లు. పుస్తకాలు మాత్రం అల్మారాల్లో అలాగే ఉండిపోయాయి.

నాకు కూర్చోబుద్ధి అయ్యేది కాదు. సర్దినవే మళ్లీ సర్దేవాణ్ణి. ఎవరైనా తలుపు తోస్తే లేచి నిలబడేవాణ్ణి. వాళ్లు నన్ను దాటుకుని కంప్యూటర్ దగ్గరికి పోతే మళ్లీ కూర్చునేవాణ్ణి. నా అవసరం ఇంకా ఉందని ఎవరైనా అంటే బాగుండునని లోపల ఒకటే గుబులు. ఆ సోమవారం జరిగిన దానికి సగం కారణం ఆ గుబులేనని ఇప్పుడు అనిపిస్తుంది.

పదకొండు గంటలప్పుడు అరవై ఏళ్ల ఒకామె గుమ్మం దగ్గర నిలబడింది. కళ్లజోడు ఒక కాడ విరిగితే తెల్ల దారంతో చెవికి కట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. బయటివాళ్లకు ప్రవేశం లేదని గోడ మీద బోర్డు ఉంది. ఆమె దాన్ని చదివి, వెనక్కి తిరుగుతూ, "ఎవురిని అడిగేదబ్బా, ఎవురూ చెప్పరే" అని తెలుగులో గొణుక్కుంది.

"ఏమి కావాలమ్మా?" అని నేనూ తెలుగులోనే అడిగాను.

ఆమె ముఖం విప్పారింది. "నువ్వు మనోడివా నాయనా? పేర్ణాంబట్టు నుంచి వచ్చినా. బీడీలు చుడతా. నా ఇంటి జాగా పట్టాని మా మరిది కొడుకు ఏదో కాయితం చూపించి వాని పేరుకు మార్పించుకున్నాడు. ఆ ఉత్తరువు నా చేతికొచ్చి ఇరవై రెండు దినాలాయె. దీని మీద అప్పీలు చేసేదానికి ఎన్ని దినాలు ఉండాది? అదొక్కటి చెప్పు, చాలు."

కవరులోంచి ఉత్తర్వు తీసి, చివరి పేరా మీద బొటనవేలు పెట్టి చూపింది. గడువులోగా అప్పీలు చేసుకోవచ్చని తమిళంలో ఉంది. ఎన్ని రోజులో లేదు. కంప్యూటర్ ముందు ఇద్దరు న్యాయవాదులు కూర్చుని ఉన్నారు. నేను నేరుగా అల్మారా దగ్గరికి వెళ్లి, పట్టాల నిబంధనల పుస్తకం తీసి, వెతక్కుండానే సరైన పేజీ తెరిచాను. ఇన్నేళ్ల అలవాటు. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి పక్కకు కూడా చూశాను.

"అరవై దినాలుండాదమ్మా. నీకు ఇంకా నెల పైన ఉండాది. తొందరేమీ లేదు."

ఆ చివరి మాట ఆమె అడగలేదు. నేనే కలిపాను.

"చల్లగా చెప్పినావు నాయనా. రాత్రుల్లో కన్ను మూత పడ్లేదు. అట్లయితే మా చెల్లెలింటికి పోయి నాలుగు దినాలుండి వచ్చి ఆ పని చూసుకుంటా" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్లింది. ఆ పూటంతా నేను హుషారుగా తిరిగాను.

మధ్యాహ్నం భోజనాలప్పుడు కంప్యూటర్ ఖాళీ అయింది. ఊరికే చూద్దామని ఆ నిబంధన తెరిచాను. అరవై అన్న మాట తీసేసి ముప్పై అని మార్చి రెండేళ్లు దాటింది. రెండుసార్లు చదివాను. పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుని మూడోసారి చదివాను. ఆ సవరణ చీటీ నాకు రాలేదు. చీటీలు రావడమే మానేశాయి కదా.

ఆమెకు మిగిలింది ఎనిమిది రోజులు.

గేటు దాకా పరుగెత్తాను. అక్కడి నుంచి బస్‌స్టాపుకు. ఆమె వెళ్లి మూడు గంటలైందని తెలిసీ పరుగెత్తాను. ఆమె పేరు అడగలేదు. ఉత్తర్వు మొదటి పేజీ తిప్పి ఉంటే పేరూ చిరునామా రెండూ కనిపించేవి. ఆలస్యమైనా మన్నించమని దరఖాస్తు పెట్టుకునే వీలు ఉంటుంది, నిజమే. అలాంటి దరఖాస్తుల మీద తీర్పులు ఎన్నో వెతికి ఇచ్చాను. వాటిలో ఎన్నింటిని కొట్టేశారో కూడా చదివాను.

సంఘం కార్యదర్శి నాకంటే పదేళ్లు చిన్న. విషయం చెబితే విసుక్కోలేదు. తమిళంలో మెల్లగా అన్నాడు: "సార్, బయటివాళ్లకు మీరు చెప్పనే కూడదు. చెప్పలేదనుకోండి. ఆమె ఎలాగూ ఒక లాయర్ దగ్గరికి పోతుంది, అతను చూసుకుంటాడు."

"ఎప్పుడు పోతుంది సార్? తొందర లేదని నేనే చెప్పి పంపాను."

ఆయన నా ముఖం చూసి, సగం రోజు సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు.

గుడియాత్తం బస్సులో సీటు ఉన్నా నిలబడే వచ్చాను. పళ్ళికొండ దగ్గర బస్సు ఆగితే కిందికి దిగి మళ్లీ ఎక్కాను. ఇంటికి పోకుండానే పేర్ణాంబట్టు బస్సు మారుతూ భార్యకు ఫోన్ చేశాను.

"పేరు తెలీదు, వీధి తెలీదు, ఊరంతా తిరిగి ఏమని అడగతావు?" అంది ఆమె.

"బీడీలు చుట్టే ఆమె అని."

"ఆ ఊర్లో బీడీలు చుట్టని ఆమె ఎవురు?"

నిజమే. బస్సు దిగగానే తోళ్లు పదునుచేసే షాపుల వాసన గుప్పుమంది. చుట్టిన బీడీలు అప్పజెప్పే గది ఒకటి బజారు వెనక ఉందంటే అక్కడికి వెళ్లాను. పది పన్నెండు మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. కొందరు తమిళం, కొందరు ఉర్దూ, ఇద్దరు ముగ్గురు తెలుగు. వేలూరు కోర్టు నుంచి వచ్చానని మొదలుపెట్టాను. అదే నేను చేసిన తప్పు. మాటలు ఆగిపోయాయి.

"కోర్టు నుంచి వచ్చి పేరు తెలీదంటావే. ఎవురప్పా నువ్వు?" అని ఒకామె నిలదీసింది.

"లైబ్రేరియన్‌నమ్మా. పుస్తకాలు చూసుకునేవాణ్ణి."

"పుస్తకాలోడికి ఆమెతో ఏం పని?"

చెప్పాను. చెబుతుంటే నాకే అతకనట్టు వినిపించింది. వాళ్లు చాటల వైపు తిరిగి మళ్లీ తమ పనిలో పడ్డారు. చీకటి పడేలోగా ఇంకా రెండు వీధులు తిరిగాను. ఒక ఇంటి ముందు కుర్రాళ్లు నన్ను ఆపి, ఫోన్ చూపించమన్నారు. తప్పు పట్టలేదు. ఆ వేళప్పుడు ఎవరో మగవాడు పేరు తెలియని ఆడమనిషి కోసం తిరుగుతుంటే మా వీధిలో నేనూ ఆపేవాణ్ణి.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే మళ్లీ వెళ్లాను. ఈసారి నా భార్య కూడా వచ్చింది. "నువ్వు నోరు తెరవద్దు, నేను అడగతా" అని దారిలోనే చెప్పింది. ఆమె కోర్టు ఊసెత్తలేదు. అరుగు మీద వాళ్ల పక్కనే చతికిలబడి, ఆకు ఎట్లా వస్తూ ఉండాది ఈసారి అని మొదలుపెట్టి, కొంతసేపటికి, "కళ్లజోడుకు దారం కట్టుకోని ఉంటాది చూడు, ఒక పెద్దామె" అంది.

నిన్న నన్ను నిలదీసినావిడే నవ్వింది. "ఆ దారం కట్టింది నేనే. ఆమె ఆలంగాయంలో చెల్లెలింటికి పోయింది."

ఆవిడ ఫోన్ నుంచే కలిపారు. నా చేతికి ఇచ్చారు. నేనెవరో చెప్పి, "అమ్మా, అరవై దినాలు కాదు. ముప్పై. నేను తప్పు చెప్పినా" అన్నాను.

ఆమె అడిగింది: "నిన్న అరవై అంటివి. ఈ దినం ముప్పై అంటావు. రేపు ఏమంటావు?"

"పుస్తకం పాతదమ్మా. నేను చూసుకోలేదు."

"పాతదని తెలిసీ ఎందుకు పెట్టుకోని ఉండావు?"

వేలూరు రమ్మన్నాను. వస్తానని గాని రానని గాని చెప్పకుండా పెట్టేసింది.

బుధవారం రాలేదు. ఆ రోజు నేను చేసిన పని ఏదీ గుర్తులేదు, కిటికీ దగ్గర నిలబడటం తప్ప. గురువారం పది గంటలకు చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. బోర్డు ఉన్నా లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కార్యదర్శి అటుగా పోతూ చూసి, తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆమె దణ్ణం పెట్టలేదు ఈసారి. "చూపించు" అంది.

కంప్యూటర్‌లో చూపించాను. "పుస్తకంలో అది ఉండాది, పెట్టెలో ఇది ఉండాది. ఏది నిజమని నేను ఎట్ల నమ్మేది?" అంది. ఆ ప్రశ్న న్యాయవాదులు కూడా నన్ను ఎప్పుడూ అడగలేదు. సవరణ అచ్చయిన ప్రభుత్వ గెజిట్ ప్రతి వెతికి, తమిళంలో ఉన్న పేజీ ముద్రించి ఇచ్చాను. మా ఇద్దరిదీ తెలుగే అయినా ఆమెకు తెలుగు అక్షరాలు రావు. తమిళం బడిలో నేర్చుకుంది. కళ్లజోడు సర్దుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టి, పైకి చదివింది. ముప్పై అన్న చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"సరి. ఇప్పుడు యాడికి పోవాల?"

ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ఆఫీసుకు తీసుకెళ్లాను. నన్ను బయట కూర్చోమని ఆమె, చెల్లెలు లోపలికి పోయారు. యువ న్యాయవాది ఒకామె కాగితాలు తీసుకుంది. నకళ్లు కావాలంది, పన్ను రశీదు కావాలంది. శుక్రవారం అవి తేవడానికే సరిపోయింది. శని, ఆదివారాలు ఆఫీసు లేదు. సోమవారం, ఇరవై తొమ్మిదో రోజున, గుడియాత్తం ఆర్డీఓ ఆఫీసులో అప్పీలు దాఖలైంది. ముద్ర వేసిన నకలు తీసుకుని ఆమె బయటికి వచ్చి, నా వైపు చూసి, "నీ పెండ్లాం మంచిదంట నాయనా" అని మాత్రం అంది. అప్పీలు ఇంకా నడుస్తూ ఉంది. మరిది కొడుకు రెండు వాయిదాలకు రాలేదని విన్నాను.

జరిగిందంతా రాసి కార్యదర్శికి ఇచ్చాను. ఆయన చదివి, "పుస్తకాలన్నీ తీసేద్దామా మరి?" అన్నాడు. అంతకు ముందు ఎవరైనా ఆ మాటంటే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు రాలేదు. తీర్పుల సంపుటాలు ఉండనివ్వండి, అవి పాతబడవు, చట్టాల పుస్తకాలు ఒక్కొక్కటీ చూసి తీసేస్తానని చెప్పాను. ఆరు వారాలు పట్టింది. నేను అంటించిన చీటీలున్న పుస్తకాలు కూడా కట్టలు కట్టాను. ఆ పని మధ్యలో ఒకటి రెండుసార్లు లేచి బయట తిరిగి వచ్చాను.

బోర్డు తీయలేదు కానీ, బయటివాళ్ల కోసం వరండాలో ఒక బల్లా బెంచీ వేసుకోనిచ్చారు. సలహా ఇవ్వకూడదు, ఏ చట్టం ఎక్కడుందో చూపవచ్చు, అంతే. ఇప్పుడు రోజుకు ఒకరో ఇద్దరో వస్తారు. నిద్ర మాత్రం మునుపటిలా లేదు. ఇరవై ఏడేళ్లలో ఇంకా ఎంతమందికి ఏమేం చెప్పి పంపానో, వాళ్లలో ఎవరు తిరిగి రాలేదో అని లెక్కలు వేస్తూ ఉంటాను. ఆ లెక్క తేలదు.

పోయిన వారం అణైకట్ నుంచి ఒక రైతు కాలువ హక్కు గురించి అడగడానికి వచ్చాడు. గంట పడుతుంది, కూర్చోమన్నాను.

"ఫోన్‌లో అడిగితే నిమిషంలో చెప్తాదంట కదప్పా?"

"చెప్తాది. అది సరిగా ఉండాదా అని చూసేదానికే గంట."

గొణుక్కుంటూ కూర్చున్నాడు. వేరుశనగ కాయలు ఒలుచుకుంటూ గంటంబావు ఉన్నాడు. ముద్రించిన కాగితం ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇప్పటిదేనా?" అన్నాడు.

"ఈ దినానికి ఇదే."

"అట్లయితే ఆ మాట దీని మీద రాసి ఇయ్యి" అన్నాడు. తేదీ వేసి, కింద టైము కూడా రాసి ఇచ్చాను.