అందరికంటే ముందు నడిచిన రోజు

నా చిన్నప్పుడు నన్ను చూసి "అయ్యో పాపం" అనని మనిషి మా ఊళ్ళో లేరు. పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. కుంటుతూ నడిచేదాన్ని గానీ, నోరు మాత్రం భేషుగ్గా పనిచేసేది. ఆ జాలి మాటలు వింటే ఒళ్ళు మండేది.

మాది సత్యవేడు దగ్గర పల్లె. పక్కింటి అక్క నర్సు. ఆదివారమొస్తే ఊళ్ళో పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ అవతలి పల్లెలకు పోలియో చుక్కలు వేయడానికి వెళ్ళేది. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని పిలుచుకొచ్చేవాళ్ళు. దారిలో ఏ చెట్టు ఏమిటో, ఎవరైనా పడితే కట్టు ఎలా కట్టాలో అక్క నేర్పేది. వాళ్ళు తిరిగొచ్చి ఆ కబుర్లు చెబుతుంటే నాకూ వెళ్ళాలని ప్రాణం కొట్టుకునేది. అందరికీ బరువవుతానేమోనని అడిగేదాన్ని కాదు.

ఒక ఆదివారం అక్కే వచ్చి మా నాయనను అడిగింది.

"ఈ బిడ్డకెందుకమ్మా కొండ? యాడన్నా పడితే?" అన్నాడు నాయన.

"పడితే లేపేదానికి ఇంతమంది ఉండాము కదన్నా" అంది అక్క.

నాకు అనుమానం వచ్చింది. "ఆడ తల్లులకు నా కాలు సూపించి బెదిరించేదానికా అక్కా?" అని అడిగేశాను.

"కాలు కాదు మే, నాకు నీ నోరు కావల్ల. నీ మాదిరి మాట్లాడేవాళ్ళు వీళ్ళల్లో యాడుండారు?"

కొండ మొదట్లో అక్క నన్ను అందరికంటే ముందు నిలబెట్టింది. నన్ను దాటి ఎవరూ పోకూడదని, నేను కూర్చోమంటేనే కూర్చోవాలని చెప్పింది. తాను మందుల ఐసుపెట్టె భుజాన వేసుకుని చివర నడిచింది. వెనక నడిస్తే నా కుంటు ఎవరి కంటా పడదు. ఇప్పుడు అందరి కళ్ళూ నా కాలి మీదే ఉన్నాయనిపించింది.

పంతం కొద్దీ నడిచాను. నా వల్ల ఆలస్యమైందన్న మాట పడకూడదని, కూర్చుందామన్న మాటే నోట రానివ్వలేదు. ఎండ ముదిరింది. తొడలో పోట్లు మొదలై కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందున్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఇంతలో వెనక నుంచి ఏడుపు గొంతు వినిపించింది. బడిలో పరుగుపందెం పెడితే ఎప్పుడూ గెలిచే పిల్లవాడు! "మే, నీకు దండం పెడతా, కూసోమని సెప్పు మే! కాళ్ళు పీక్కపోతా ఉండాయి."

తిరిగి చూశాను. అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. ఒక పిల్ల తెగిన చెప్పు చేత పట్టుకుని వట్టి కాలితో నడుస్తోంది. అందరూ నా మాట కోసం చూస్తున్నారు. అలుపు నాకొక్కదానికే అనుకున్నాను. అందరికీ ఉంది, చెప్పడానికే సిగ్గు.

"కూసోండప్పా" అన్నాను. ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. అక్క ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు అందరికీ పోసి, నా కాలు ఒళ్ళోకి తీసుకుని నొక్కుతూ, "నేనే అడగదామనుకుంటి మే, నాకూ నోరు రాలేదు" అంది మెల్లగా. నిజంగా అన్నదో, నన్ను సముదాయించడానికి అన్నదో ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆలస్యంగానే చేరాం. అయినా పెట్టెలో ఐసు కరగలేదు, మందు పాడవలేదు. ఆ పల్లెలో గడప గడపకూ తిరిగి మాట్లాడింది నేనే. చుక్కలంటే భయపడి తలుపు చాటున నిలబడిన ఒక తల్లికి నా కాలి సంగతి కూడా చెప్పాను, ఎవరూ చెప్పమనకుండానే. ఆమె లోపలికి వెళ్ళి, తన బిడ్డను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

తర్వాత నేను టీచరునై, ఎంతోమంది పిల్లల్ని కొండలూ కోనలూ తిప్పాను. ఇప్పుడు వయసు మీద పడింది, నా ఈడువాళ్ళతోనే నడక. ఎవరితో నడిచినా, అలుపొస్తే "కాసేపు కూర్చుందాం" అని సిగ్గుపడకుండా నేనే ముందు అంటాను. అన్న ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు "హమ్మయ్య" అంటారు.