నూనె పెట్టకూడని చోటు

గుర్వయ్యకు ఇసుక అంటే గిట్టదు. మగ్గం ఉన్న గదిలోకి ఎవరైనా చెప్పులతో అడుగు పెడితే ఇంతెత్తున ఎగిరిపడతాడు. ఇంటి చుట్టమైనా సరే, చీరలు కొనుక్కుపోయే సేటైనా సరే. ఒక్క రేణువు చాలు పట్టు పోగు తెగడానికి అంటాడు. ముప్పై ఏళ్ల నుంచి నేస్తున్నాడు. ఇన్నేళ్లలో అతని మగ్గం కిర్రుమనగా విన్నవాళ్లు రామన్నపేట చుట్టుపక్కల ఎవరూ లేరు. కొత్త పడుగు ఎక్కించే ప్రతిసారీ మగ్గమంతా తుడిచి, కదిలే ప్రతి కీలుకూ ఆముదం పెట్టడం తండ్రి నేర్పిన ఆచారం. కీలుకు నూనె పెట్టనివాడు కన్నతల్లికి అన్నం పెట్టనివాడితో సమానమని ఆ తండ్రి అనేవాడట.

పని మీద ప్రేమ, ఇంటి మీద ప్రేమ ఉన్న మనిషి. తాగడు, ఎవరి జోలికీ పోడు. ఈ మంచి మాటలు ముందే చెప్పేసుకోవాలి, తర్వాత చెప్పబుద్ధి కాదు.

జిల్లాలు విడిపోయి ఏళ్లు గడిచినా తనది నల్లగొండ జిల్లా అనే చెప్పుకునే మొండి ఘటం కూడా. తోటి మగ్గాలు ఒకటొకటే మూతబడ్డాయి. నేసే చేతులు చౌటుప్పల్ కంపెనీలకు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల కాపలాకు పోయాయి. గుర్వయ్య కదల్లేదు. అయితే తన బిడ్డ నిరోష మాత్రం ఈ పనిలోకి రాకూడదని గట్టిగా అనుకున్నాడు. ఒక్కతే బిడ్డ. రామన్నపేట కాలేజీకి పాత సైకిల్ మీద పోయి వచ్చేది. మోటారు సైకిళ్ల మీది కుర్రాళ్లను ఎత్తుగడ్డ దగ్గర దాటేసి వచ్చేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఆటల పోటీల్లో ఆ పిల్ల సైకిల్ తొక్కే తీరు శ్రీదేవి అనే ఆవిడ కంట్లో పడింది.

శ్రీదేవిది పాలమూరు వైపు. ఒకప్పుడు తనూ రేసులు తొక్కింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సైకిల్ అకాడమీ నడిపిస్తోంది. అకాడమీ హాస్టల్లో ఒక్క మంచం ఖాళీగా ఉంది. భువనగిరిలో ఆడపిల్లల రేసు పెట్టి, గెలిచినవాళ్లకు ఆ చోటు ఇస్తామంది. గెలిస్తే చదువు, తిండి, శిక్షణ అన్నీ అకాడమీవే. ఓడితే ఇంటర్ కాగానే చౌటుప్పల్ కంపెనీ బస్సు ఎక్కాలి. నిరోషకు ఈ రెండు దారులు తప్ప మూడోది లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

పాత సైకిల్ మీద రేసు తొక్కలేరు కాబట్టి శ్రీదేవి అకాడమీ సైకిల్ ఒకటి కారులో వేసుకుని స్వయంగా ఊరికి తెచ్చింది. చూడటానికి ఊరంతా వచ్చింది. ఒక్క చేత్తో లేపితే పైకి లేస్తోంది. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, వేలెడు మందం టైర్లు, బల్లలా గట్టిగా ఉన్న సన్నటి సీటు. పెడల్‌కు బూటు అడుగున క్లిప్పు పట్టుకుంటుంది, మడమ పక్కకు తిప్పితేనే ఊడుతుంది. గుర్వయ్య వంగి గొట్టం మీద ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. నల్లటి మెరుపు కింద అడ్డపోగు, నిలువుపోగు కనిపించాయి.

"మేడం, గిది నేత గద!" అన్నాడు, చుట్టాన్ని గుర్తుపట్టినంత సంబరంగా.

"అవును, నేతే. కార్బన్ పోగులు నేసి, జిగురుల పెట్టి అచ్చు పోస్తరు. ఇనుము ఎక్కడో గాని లేదు" అంది శ్రీదేవి.

అంతే. ఆ క్షణం నుంచి ఆ సైకిల్ గుర్వయ్య ఇలాకాలోకి వచ్చేసింది. సగం తెలిసినవాడితో వచ్చే తంటా ఇదే. ఏమీ తెలియనివాడు దూరంగా కూర్చుంటాడు.

శ్రీదేవి సైకిల్‌ను స్టాండుకు బిగించి నిరోషను ఎక్కించింది. మడమ పెడల్ మీద పెట్టించి, కాలు పూర్తిగా చాపేదాకా సీటు లేపింది. మోకాలి కింద నుంచి దారం వదిలి చూడాలి, బరువు కట్టిన దారం ఏదన్నా ఉందా అని అడిగింది. గుర్వయ్య పరుగున పోయి పట్టు పోగుకు ఇనుప నట్టు కట్టి తెచ్చాడు. దారం మోకాలి నుంచి సరిగ్గా పెడల్ ఇరుసు మీదికి వేలాడేదాకా సీటును వెనక్కీ ముందుకూ జరిపింది. హ్యాండిల్ దించింది. బ్రేకు పిడులను నిరోష వేళ్లకు అందేటట్టు తిప్పింది.

"మగ్గం గుంట లోతు గూడ గిట్లనే చూస్తం మేడం. కాళ్ల పొడుగును బట్టి తవ్వుతం" అన్నాడు గుర్వయ్య. అతను చెప్పింది నిజమే, కానీ ఆవిడ విన్నట్టు లేదు. సీటు గొట్టం బిగించే బోల్టుకు ఓ పానా పెట్టింది. బిగువు చాలినప్పుడు టక్కుమని చెప్పే పానా అది. టక్కుమంది.

"ఇంతకంటె బిగిస్తే పగుల్తది. తక్కువైతే జార్తది. చెయిన్‌కు తప్ప ఎక్కడా నూనె పెట్టొద్దు" అని నిరోషకు చెబుతుండగానే గుర్వయ్య చెయ్యి ఆ బోల్టు మీదికి పోయింది. తడిమి చూద్దామని.

"ఏయ్, చెయ్యి తీయున్రి! మీరు జర దూరం నిలబడున్రి. నాయినలు తెలివి చూపిచ్చిన కాడనే పిల్లలు ఆగమైతరు" అంది శ్రీదేవి, ఊరందరి ముందు.

జనం నవ్వారు. గుర్వయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తండ్రి ముఖం నల్లబడటం సైకిల్ మీద నుంచే నిరోష చూసింది. ఆ రోజంతా ఆ పిల్ల సరిగ్గా అన్నం తినలేదు.

రేసుకు ముందు రోజు మధ్యాహ్నం. బాగా పండుకొమ్మని శ్రీదేవి చెప్పిందని నిరోష లోపలి గదిలో నిద్రపోతోంది. రోజూ తొక్కి వచ్చాక సైకిల్ తుడవడం గుర్వయ్య పని. తుడుస్తూ సీటు గొట్టం ఫ్రేములోకి దిగే చోట ఆగాడు. అంచున ఏదో జిగటగా బయటికి ఉబికి ఉంది. వేళ్ల మధ్య నలిపి చూశాడు. గరగర. ఇసుక.

కోపంతో పాటు అతనికి సంతోషం కూడా కలిగింది, దాచుకోవడం దేనికి. ఊరి ముందు తనను నిలబెట్టి మాటన్న పెద్ద మేడం, ఇసుక కూడా తుడవకుండా బిగించిందన్నమాట!

"చూసినవా, గింత ఇసుక పెట్టుకొని నీతులు చెప్పవట్టె" అన్నాడు భార్యతో.

లీలమ్మ ఆసు చట్రం మీద నూలు పోస్తూ చెయ్యి ఆపింది. "ముట్టుకోవద్దన్నది గదయ్యా ఆమె."

"నేనేమన్న ఇరగ్గొడుతున్ననా? తుడుస్తున్న."

"అది ఇసుకో ఏందో. బిడ్డను లేపి అడుగరాదు?"

"ఇసుక నాకు తెల్వదా!"

అదే అతనికి తెలియలేదు. కార్బన్ గొట్టాలు ఒకదాన్నొకటి జారకుండా కరుచుకోవాలని కావాలనే పూసే గరుకు లేపనం అది. ప్రపంచంలో ఏ కీలైనా నున్నగా ఉండాలి, ఏ గరుకైనా శత్రువే అనుకునే మనిషికి ఆ సంగతి కలలోకి కూడా రాదు. గొట్టం ఎంతవరకు దిగిందో అక్కడ ఎర్ర పట్టు పోగు చుట్టి ముడి వేశాడు, ఎత్తు వెంట్రుకవాసి మారకూడదని. సైకిల్‌తో వచ్చిన చిన్న అలెన్ కీతో బోల్టు వదులు చేసి గొట్టం బయటికి తీశాడు. మెత్తటి గుడ్డతో లోపలా బయటా అద్దంలా తుడిచాడు. వేలితో ఆముదం రాశాడు. మళ్లీ సరిగ్గా ముడి దాకా దించి, మగ్గం మీద ఎంత బిగువు ఉంటే చేతికి తెలుస్తుందో అంత బిగించాడు. బోల్టుకు కూడా ఒక చుక్క పెట్టాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

మర్నాడు పొద్దున భువనగిరి గుట్ట కింద రోడ్డు మూసి రేసు మొదలుపెట్టారు. ఊరు చుట్టి రావాలి, చాలాసార్లు. గుర్వయ్య ఒక మలుపు దగ్గర నిలబడ్డాడు. మొదటి చుట్టులో నిరోష ముందున్న నలుగురిలో ఉంది. వీపు వంచి, మోచేతులు మడిచి, గాలికి అడ్డం లేకుండా పోతోంది. గుర్వయ్య గుండె ఉప్పొంగింది. రెండో చుట్టులో ఏదో తేడాగా కనిపించింది. మోకాళ్లు పైకి వస్తున్నాయి. లోతు చాలని గుంటలో కూర్చున్న నేతగాడి మోకాళ్ల లాగా.

అక్కడున్న వాళ్లందరి కంటే ముందు అతనికే తెలిసింది, సీటు దిగుతోందని. ఎందుకు దిగుతోందో కూడా తెలిసింది.

మూడో చుట్టులో నిరోష సరిగ్గా అతని ఎదురుగానే దిగింది. సీటు పైకి లాగబోయి ఆగింది. గొట్టం మీద ఎర్ర పట్టు పోగు పైకి జరిగి కుప్పపడి ఉంది. ఆ ముడి ఎవరి చేతి ముడో ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచి తెలుసు. తలెత్తి తండ్రి వంక చూసింది. సీటు లేపి, జేబులోంచి అలెన్ కీ తీసి బిగించి పోయింది. మళ్లీ దిగింది. మళ్లీ ఆగి, ఈసారి బలమంతా పెట్టి బిగించింది. చిటుక్కుమని గొట్టం పగిలింది.

మిగిలిన దారంతా సీటు మీద కూర్చోకుండా నిలబడే తొక్కింది. గీత దాటేసరికి గెలిచిన ఉష అనే అమ్మాయికి దండ వేయడం కూడా అయిపోయింది.

శ్రీదేవి వచ్చి గొట్టం బయటికి లాగింది. పగులు చూసింది. వేలితో తుడిచి వాసన చూసింది. రిఫరీలు, మిగతా పిల్లల తల్లిదండ్రులు చుట్టూ మూగారు.

"ఆముదం! పేస్టు మొత్తం తుడిచి ఆముదం పెట్టిన్రు. ఎవరు చేసిన్రు గీ పని?"

"నేనే మేడం" అంది నిరోష. అడగడమే ఆలస్యం అన్నట్టు అంది.

శ్రీదేవి ఆ పిల్లను ఒక్క చూపు చూసింది. గుర్వయ్య వైపు తిరిగింది.

"మీకేమన్న తెలుసా? తెలిస్తే చెప్పున్రి."

చెబుదామనే నోరు తెరిచాడు. చుట్టూ ముఖాలు కనిపించాయి. ఆ రోజు ఊళ్లో నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. ఇప్పుడు చెబితే భువనగిరి అంతా నవ్వుతుంది. బిడ్డ ఎలాగూ తన మీద వేసుకుంది, ఎలాగూ ఓడింది, ఇక చెప్పి ఏం లాభం అని మనసు ఒక దారి చూపించింది. పిరికి మనసుకు అలాంటి దారులు బాగా దొరుకుతాయి.

"నాకేం తెల్వదు మేడం" అన్నాడు.

శ్రీదేవి సైకిల్ తీసుకుని కారులో పెట్టుకుని పోయింది. గుర్వయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తిరుగు బస్సులో నిరోష కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

లీలమ్మకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆముదం గిన్నె ఆమె కళ్లముందే తీశాడు కదా, తప్పు తనదేనని నిరోష ఒప్పుకుందని ఊళ్లో అనుకోవడమూ వింది. కొన్నాళ్లు పళ్లబిగువున ఊరుకుంది. ఒకరోజు గంజి కలుపుతూ కలుపుతూ గిన్నె నేలకేసి కొట్టింది.

"నీ ఇజ్జత్ పోవద్దని అది నింద నెత్తిన పెట్టుకున్నది. దాని బతుకు పోవద్దని నువ్వేం జేసినవయ్యా? ఇగనన్న పోయి చెప్పు!"

గుర్వయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని హైదరాబాద్ బస్సెక్కాడు. వెతుక్కుంటూ అకాడమీకి చేరాడు. శ్రీదేవి గేటు దగ్గరే కలిసింది. అతను అన్నీ చెప్పాడు, ఇసుక అనుకున్న సంగతి, ఆముదం సంగతి, అబద్ధం సంగతి. ఆవిడ కోప్పడుతుందని సిద్ధపడి వచ్చాడు. ఆవిడ కోప్పడలేదు.

"నాకు ఆడనే తెలుసన్నా" అంది. "నిరోష అట్ల చేసే పిల్ల కాదు. నేను అడుగుతుంటె దాని చూపు మీ దిక్కు పోయింది."

"మరి తెలిసి ఎట్ల ఊకున్నవమ్మా?"

"పిల్ల తప్పు లేదు, వేరేవాళ్లు చెయ్యి పెట్టిన్రని తేలితే ఇంకోసారి తొక్కిచ్చే రూలు మాకున్నది. నా అంతట నేను అనుకుంటె సరిపోదు, చేసినోళ్లు ఒప్పుకోవాలె. గందుకే రిఫరీల ముందట మిమ్మల్ని అడిగిన. చెప్తరేమో అని చూసిన. మీరు తెల్వదన్నరు."

"ఇప్పుడు చెప్తున్న గద మేడం. కాళ్లు మొక్కుత."

"ఇప్పుడు ఆ మంచం మీద ఉష పండుకుంటాంది. గెలిచే వచ్చింది. ఆ పిల్లను లేపి పంపియ్యమంటరా?"

గుర్వయ్య వెనక్కి తిరిగాడు. ఆవిడ టీ తాగి పొమ్మంది. తాగలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. నిరోష వాకిట్లో ఉంది. కాళ్లకు నీళ్లిచ్చింది.

"యాడికి పోయినవ్ నాయినా?"

"పట్నం. మేడం దగ్గరికి."

నిరోష చేతిలో చెంబు ఆగిపోయింది. "చెప్పినవా?"

ఒక్క మాట చెబితే చాలు. ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే నువ్వు మళ్లీ తొక్కేదానివి బిడ్డా అని. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"ఆమె దొరకలే" అన్నాడు. "తాళం ఉండె."

నిరోష గట్టిగా ఊపిరి వదిలింది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో చిన్న వెలుగు కనిపించింది.

"మంచిగైంది తీ నాయినా. చెప్తె ఆమె నిన్ను మళ్ల అందర్ల తిడ్తుండె. నేను ఎట్లైన ఓడిపోయిన. ఆమెకు తెల్వకుంటనే ఉండనీ."

గుర్వయ్య కాళ్లు కడుక్కున్నాడు.

"ఔ బిడ్డా" అన్నాడు.