ప్రొద్దుటూరు మిల్లులో తిరగనన్న గిన్నె

మీ సీమవాళ్లకు గానుగెద్దులు చాలు, యంత్రాలిస్తే తుప్పు పట్టిస్తారని కోస్తా మిత్రుడొకాయన విస్తరి ముందు కూర్చుని నవ్వుతూ అన్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎన్నాళ్లయిందని అప్పుడే ఈ మాట? నేను విస్తరి మడిచి లేచాను. ప్రొద్దుటూరులో వేరుశనగ రైతులు కలిసి పెట్టుకున్న మిల్లుకు నూనె శుద్ధిచేసే సెంట్రిఫ్యూజ్ వచ్చిందని అంతకుముందే విన్నాను. అది తిప్పినప్పుడల్లా దడదడలాడుతోందట. మరొక్క పరీక్ష చేసి, అప్పుడూ కుదరకపోతే ఊళ్లోని నూనె వ్యాపారికి అమ్మేయాలని సభ్యులు తీర్మానించారట. అంటే రైతు మళ్లీ పోయి ఆ వ్యాపారి వాకిట్లోనే నిలబడాలన్నమాట. ఆ పరీక్షేదో కళ్లారా చూద్దామని పులివెందులలో తెల్లవారే బస్సెక్కాను.

ముందు పాత పద్ధతి మిల్లు చూద్దామని జమ్మలమడుగుకు టిక్కెట్టు తీసుకున్నాను, రూపాయి చిల్లర. ముద్దనూరు మీదుగా పోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఎర్రదుమ్ము ఉచితం. కొండ మలుపు దగ్గర బస్సు గిర్రున తిరిగేసరికి పక్కావిడ కోళ్లగంపతో సహా వచ్చి నా మీద పడింది. "ఏందప్పా ఈ తోలడం!" అని అరిచాను. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చాడు: "బస్సు తిరగతాంది మామా, మీరేమో నేరుగా పోవాలంటాండారు. తప్పు నాదా?" బస్సంతా నవ్వింది. నాకు కోపం వచ్చినా మాట సరైనదే. తిరిగేదానిలో ఉన్న ప్రతి వస్తువూ బయటికి పోవాలని చూస్తుంది, బరువైనది మరింత బలంగా తోసుకుపోతుంది. నేను చూడబోయే యంత్రం చేసే పనంతా ఇదే.

జమ్మలమడుగులో దిగి ఇడ్లీ తిని, పెన్న వైపున్న పాత మిల్లుకు నడిచాను. అక్కడ అంతా భూమ్యాకర్షణ మీదే నడుస్తుంది. పచ్చినూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపితే దానిలోని పులుపు సబ్బులాంటి మడ్డిగా విరుగుతుంది. నూనెకంటే బరువు కనుక మెల్లగా అడుగుకు దిగుతుంది. తొట్టి అడుగు గరాటులా వాలి ఉంటుంది. మడ్డి తానే జారి కొళాయి దగ్గరికి చేరుతుంది. కరెంటు అక్కర్లేదు, మరమ్మతు లేదు. ఆ తొట్టి కట్టినవాడెవరో గాని దండం పెట్టాలనిపించింది. "తొందరపడితే లాభం లేదన్నా, భూమి ఎప్పుడు లాగితే అప్పుడే," అన్నాడు గుమాస్తా. చలికాలంలో నూనె చిక్కబడి మడ్డి దిగడం ఇంకా ఆలస్యమట. పైగా ఆ మడ్డి తనతోపాటు మంచినూనెనూ తీసుకుపోతుంది. ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో నేను చెప్పాలా?

మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు చేరాను. మిల్లులో యంత్రం పక్కన ఖాదర్‌వలి ఉన్నాడు. బొంబాయి మిల్లుల్లో పనిచేసి వచ్చిన ఫిట్టరు, ఈ యంత్రం కొందామని సభ్యులను ఒప్పించింది ఇతనే. "ఈ పొద్దు ఇది నడవకపోతే నేను మళ్లా బొంబాయి రైలెక్కాల్సిందే అన్నా. ఈ ఊర్లో నా మాట ఎవురు ఇంటారు?" అన్నాడు. గోడమీది తొట్టిలోంచి నూనె తన బరువుతోనే కిందికి దిగి, ఉక్కు గిన్నెలో పడుతుంది. గిన్నెలో గరాటుల్లాంటి పలుచని రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. గిన్నె తిరిగితే బరువైన మడ్డి అంచుకు, తేలికైన నూనె నడిమికి చేరి వేర్వేరు గొట్టాల్లోంచి బయటికి వస్తాయి. భూమి లాగేదానికి వేలరెట్ల బలంతో అన్నమాట.

ముందు ఉత్త నీళ్లతో తిప్పారు. సన్నగా మొదలైన హోరు పెరిగి పెరిగి దడదడగా మారింది. కాళ్లకింద బండలు అదిరాయి. ఖాదర్ ఆపేశాడు. కొనడానికి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్న వ్యాపారి, "ఏం ఖాదరూ, మీ మిషను పీర్ల పండగలో మాదిరి ఎగరతాందే!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నీ మనుషులే ఏదో చేసింటారు!" అన్నాను.

"నేను నూనె యాపారినప్పా, దొంగను కాదు," అని అతను తాపీగా వక్క నమిలాడు.

ఖాదర్ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. "బేరింగులు చూసినా, రేకులు చూసినా. యాడో ఒకపక్క బరువు ఎక్కువుంది. చింతగింజంత ఉన్నా చాలు, ఈ తిరుగుడుకు అది నిండుబిందెతో గుద్దినట్ట. వేగం రెండింతలైతే గుద్దు నాలుగింతలు," అని సభ్యులకు చెబుతున్నాడు.

రాజుపాళెం నుంచి మిల్లుకు శనక్కాయలు తోలే సభ్యురాలు లక్ష్మమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఆ మాట విని లోపలికి వచ్చింది. "చింతగింజంతేనా ఖాదరూ? అయితే అది నాదే."

యంత్రానికి పూజ చేసిన నాడు తన తాళిలోని బంగారు గుండొకటి తీయించి, కంసాలి ఆచారి చేత గిన్నె మూత లోపలి మడతలో లక్కతో అతికించిందట. "కొత్త పనికి బంగారం పెట్టకుండా ఎట్ట మొదలుపెడతారు? ఇంటి గడప కింద పెట్టమా? చెప్తే ఫలితం పోతాదని చెప్పలే."

నేను మూఢనమ్మకాల మీద అందుకున్నాను. నాలుగు వాక్యాలు కూడా కాలేదు, ఆమె అడ్డుపడింది: "నీ మాదిరి ఉపన్యాసాలు నాకు రావన్నా. నాకాడ ఉండేది అదే. మిషను బాగుండాలని ఇచ్చినా."

ఖాదర్ మూత విప్పి వేలితో తడిమాడు. మురికి రంగులో కలిసిపోయిన లక్క తగిలింది. గోకి తీసి ఆమె చేతిలో పెట్టబోతే పుచ్చుకోలేదు. "ఇచ్చింది ఎనక్కి తీసుకుంటారా?"

ఖాదర్ ఉలి అందుకున్నాడు. "తిరిగేదాన్లో వద్దులేక్కా, నిలబడేదాన్లో పెడదాం," అని యంత్రం కింది సిమెంటు దిమ్మె అంచున గూడు తొలిచి, గుండు పెట్టి సిమెంటు మెత్తాడు.

మళ్లీ తిప్పారు. హోరు పెరిగి ఒకచోట నిలిచింది, దడ లేదు. అప్పుడు వేడినూనె, సోడా నీళ్లు వదిలారు. ఒక గొట్టంలోంచి చిక్కని మడ్డి, రెండో దానిలోంచి తేనెరంగు నూనె! లక్ష్మమ్మ నూనె చెంబులో పట్టి అందరికీ చూపింది. వ్యాపారి కుర్చీలోంచి లేచాడు. "మా మిల్లు నూనె గూడా ఇందులో పోసిస్తారా?" అని అడిగాడు. "వరసలో నిలబడు మామా," అంది లక్ష్మమ్మ.

మూఢనమ్మకం మీద నా వాదన నేను వదల్లేదు, వదలను. కానీ హుండీలో పడవలసిన బంగారాన్ని తెచ్చి యంత్రానికిచ్చిన మనిషిని వెనకబడినదంటే ఒప్పుకోను. యంత్రం ఎలా తిరుగుతుందో ఖాదర్ నేర్పగలిగాడు. అది తనదనుకోవడం లక్ష్మమ్మకు ఎవరూ నేర్పలేదు. ఆ మమకారం లేనిచోటే యంత్రాలు తుప్పుపడతాయి, అది ఏ జిల్లా అయినా సరే.

మీరూ చూడదలిస్తే ముందు జమ్మలమడుగు తొట్టి దగ్గర కాసేపు కూర్చుని, ఆ తర్వాతే ప్రొద్దుటూరు రండి. మిల్లు గుమ్మం దగ్గర ఉత్తరీయం తీసేసి, పంచె ఎగగట్టి లోపలికి వెళ్లండి. ఆ గిన్నెకు కోస్తావాడు, సీమవాడు అని తేడా లేదు. వదులుగా వేలాడేది ఎవరిదైనా లాగేసుకుంటుంది.