నిండని జీపు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు: నేను మొట్టమొదటిసారి పదిమందిలో గొంతెత్తి చెప్పిన మాట తప్పయింది. అంతకుముందు అన్నేళ్లూ నోరు తెరవకపోవడానికి కారణం కూడా ఆ భయమే. పుస్తకంలో తప్పు కనబడితే పేజీ తిప్పేయొచ్చు, మనుషుల ముందు చెప్పిన తప్పును ఎటు తిప్పాలి? అప్పట్లో మా నారాయణఖేడ్ నుంచి ఏ ఊరికి బయల్దేరినా మన చేతిలో ఉండేది సంచీ ఒక్కటే. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే బస్టాండు కిటికీ వెనకున్నాయన "వస్తది" అనేవాడు. ఇవాళేనా అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు (నాకు మొదటి ప్రశ్నకే లేదు, పక్కవాళ్లు అడిగింది విని వచ్చేదాన్ని).

ఆ రోజు నేను నాగల్‌గిద్దలో ఉద్యోగంలో చేరాలి. వయోజన విద్యా కేంద్రంలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే పని. సూపర్‌వైజర్ సారు అక్కడి బడిలో మధ్యాహ్నం వరకే ఉంటాడని, ఆలోగా రాకపోతే జాబితాలో నా తర్వాతి పేరున్నవాళ్లకు ఉద్యోగం ఇచ్చేస్తాడని కబురొచ్చింది. ఇది పోతే హైదరాబాదులో మా అక్కతో పాటు బిస్కెట్ల ప్యాకింగుకు పోవాలి. అక్కడ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు, అదొక్కటే సుఖం. కానీ చదువుకుందామంటే బిస్కెట్ కాగితాలు తప్ప ఏమీ ఉండవు.

మా నాయన నన్ను బస్టాండులో దింపి, బస్సులోనే పొమ్మని, జీపుల జోలికి పోవద్దని చెప్పి చేనికి వెళ్లిపోయాడు. ఎండ నెత్తికెక్కుతోంది, బస్సు జాడ లేదు. రోడ్డుకు ఆవల జీపు ఒకటి నిలబడి ఉంది. దాని డ్రైవర్‌ను అందరూ జల్దీ అన్న అనేవారు. జల్దీ ఎక్కుండ్రి అని తొందరపెట్టేవాడు గాని, జీపు నిండితే తప్ప కదిలేవాడు కాదు. లోపల అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు కదా, ఇంకెంత సేపులే అనుకుని ఎక్కాను. నేనెక్కగానే వెనకనుంచి ఒకడు దిగి బీడీ ముట్టించాడు. ఇంకొకరు ఎక్కితే ఇంకొకడు దిగాడు. చాలాసేపటికి గాని నాకు అర్థం కాలేదు, వాళ్లంతా జల్దీ అన్న బామ్మర్దులని, జీపు నిండినట్టు కనబడాలని కూర్చుంటారని. నన్నేమో ముందు సీట్లో కూర్చోబెట్టాడు. చదువుకున్న పిల్ల కూసున్నదంటే ఇది పోతది అనుకుని కొందరెక్కారట, వాళ్లను చూసి ఇంకొందరు. నేనెవరిని చూసి ఎక్కానో వాళ్లు మాత్రం చాయ్ తాగుతున్నారు.

ఇక జీపు నిండబోతుందనగా ఎవరో "బస్సొచ్చింది" అనేవారు. అందరూ దుంకి ఉరికేవారు. తీరా చూస్తే అది బీదర్ బస్సు. తిరిగొచ్చేసరికి సగం మంది జారుకునేవారు, మళ్లీ బామ్మర్దులు ఎక్కి కూర్చునేవారు. రెండుసార్లు నేనూ ఉరికాను. మూడోసారి అదే కేక వినిపించింది. నా వెనక గాజుల గంప ఒళ్లో పెట్టుకున్న అవ్వ (నాగల్‌గిద్దలో పెండ్లివారికి గాజులు తొడగడానికి పోతోంది) అప్పుడే ఒక కాలు కింద పెట్టింది. నాకు సూపర్‌వైజర్ సారు సంచీ సర్దుకుంటున్నట్టే కనబడింది. ఎక్కడినుంచి వచ్చిందో గొంతు.

"దిగకుండ్రి. మనం దిగినప్పుడల్ల ఇది ఖాళీ అయితుంది, గా బస్సు మాత్రం వస్తలేదు. ఇంకిద్దరొస్తె ఇదే పోతది."

అందరూ నా వైపు చూశారు (నేను కూడా, వీలుంటే నా వైపే చూసేదాన్ని). అవ్వ కాలు పైకి తీసుకుంది. ఆమెను చూసి మిగతావాళ్లు ఆగారు. కాసేపటికి ఇద్దరొచ్చారు, ఇక సాకు దొరకక జల్దీ అన్న బండి తీశాడు.

సగం దారిలో దుమ్ము లేపుకుంటూ నాగల్‌గిద్ద బస్సు మమ్మల్ని దాటిపోయింది. ఒక సీట్లో కండక్టరు, ఇంకో సీట్లో ఆయన సంచీ. తక్కినవన్నీ ఖాళీ. జీపులో అందరూ మెడలు సాచి ఆ బస్సు వెనకే చూశారు, తర్వాత నా వైపు. గాజుల అవ్వ నా వీపుకు వినబడేలా, "గా బస్సుల అయితె కాళ్లు సాపుకోని కూసుందుము" అంది.

దిగగానే బడికి పరుగెత్తాను. సారు గొడుగు చేతిలోకి తీసుకుంటున్నాడు. ఆలస్యమెందుకని అడగలేదు గాని, నన్ను ఎగాదిగా చూసి, నలుగురిలో మాట్లాడగలవా అన్నాడు. జీపులో అంత పలికిన గొంతు మాయమైంది. కుండలో నీళ్లు తాగుదామని నా వెనకే వరండాలోకి వచ్చిన గాజుల అవ్వ గ్లాసు దించింది.

"మస్తు మాట్లాడుతది సారు. బస్సుకు ఉరుకుతున్నోళ్లను ఒక్క మాటతోని కూసోవెట్టింది. బస్సు మమ్ముల దాటిపోయింది, అది వేరే ముచ్చట."

సారు నవ్వు ఆపుకుంటూ గొడుగు గోడకానించి, నన్ను కూర్చోమన్నాడు.

ఆ తర్వాత అదే బడిలో ఎన్నో మాటలు గట్టిగా చెప్పాను. కొన్ని ఒప్పు, కొన్ని తప్పు. ఏది ఏదవుతుందో చెప్పకముందే తెలిసిన రోజు ఇంకా రాలేదు. ఆ ముందు సీటు పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముచ్చటగానూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం సంతకం పెట్టి బయటికొచ్చి, అవ్వకు దండం పెట్టాలా, క్షమించమనాలా అని తేల్చుకోలేక నిలబడ్డాను. ఆమె గంప నెత్తికెత్తుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"పొద్దుగూకాల మల్ల ఖేడ్‌కు పోవాలె గద బిడ్డా. బస్సు కోసం ఆగుదమా, జీపెక్కుదమా? నువ్వే చెప్పు. నువ్వు ఏది అంటె అండ్లనే పోదం."