రూప్లన్న నోరు మూయించింది నేనే

పదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా మనిషిని పెట్టుకుని చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. ఒక్కసారి మాత్రం వచ్చింది. అది వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఎనభైల్లో నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లారీకి క్లీనర్‌ని. మాది సూర్యాపేట. అప్పటికే పెళ్లయింది, ఒక పాప. ఈ వయసులో క్లీనర్ పనేమిటని తోటివాళ్లు నవ్వేవారు. నాకు స్టీరింగు కావాలి. లైసెన్సు జేబులో పెట్టుకుని నాలుగేళ్లు పక్క సీట్లో కూర్చున్నాను. స్టీరింగు ముందు రూప్లా నాయక్ ఉండేవాడు. దామరచర్ల దగ్గర ఒక తండా ఆయనది. నాకంటే పదేళ్లు పెద్ద. రూప్లన్నా అని పిలిచేవాణ్ని.

రూప్లన్న తనలో తాను మాట్లాడుకునేవాడు. పెదాలు కదిలించడం కాదు, పైకే. సగం తెలుగు, సగం తండా భాష. బండి స్టార్టు చేసిన దగ్గర్నుంచి దిగేదాకా ఆ మాటలు ఆగేవి కావు. మిల్లులో బస్తాలు మోసే హమాలీలు ఆయన్ని అనుకరించి నవ్వేవారు. కొందరు గాలి సోకిందన్నారు. కొందరు చచ్చిపోయిన తమ్ముడితో మాట్లాడుతున్నాడన్నారు. మొదట్లో నాకూ భయమేసింది. రెండేళ్లు పక్కన కూర్చుంటే ఆ భాష అర్థం కావడం మొదలైంది. ఏముంది అందులో? ముందు ఎడ్లబండి ఉంది. బండి వెనక పిల్ల కూర్చుంది. నిమ్మళంగా పోవాలి. ఇప్పుడు మూడో గేరు. బ్రేకు మెత్తగా తగులుతోంది, నేరేడుచర్ల దాటాక ఆపి చూడాలి. ఇవే మాటలు. కంటికి కనబడినదాన్ని నోటితో చెప్పుకునేవాడు. చెప్పుకుంటేనే బుద్ధి దారి మీద నిలుస్తుందని ఒకసారి నాతో అన్నాడు కూడా. నాలుగేళ్లలో ఆయన బండి కింద ఒక కోడిపిల్ల కూడా పడలేదు.

ఈ సంగతి మిల్లు మొత్తంలో నా ఒక్కడికే తెలుసు. తెలియక చేసి ఉంటే వేరు.

ఆ యాసంగి పంట కోతలప్పుడు చిలుకూరు నుంచి వడ్ల బస్తాలు ఎత్తుకుని కోదాడలో మా మిల్లు సేటు కిరాయికి తీసుకున్న గోదాముకు తెచ్చాం. మిట్టమధ్యాహ్నం. బండిని వెనక్కి తీసుకుని గోదాము అరుగుకు ఆనించాలి. వెనకాల నిలబడి దారి చెప్పడం క్లీనర్ పని. బండిలో లోడు ఉంటే డ్రైవరుకు వెనక ఏమీ కనబడదు. నా గొంతే ఆయనకు కళ్లు. రానీ అంటే రావాలి, హోల్డాన్ అంటే ఆగాలి. అంతే.

రానీ, రానీ అంటున్నాను. రోడ్డవతల చాయ్ హోటల్లో ట్రాన్సిస్టర్ మోగుతోంది, క్రికెట్ కామెంటరీ. ఉన్నట్టుండి అక్కడ అందరూ ఒక్కసారి అరిచారు. ఎవరో అవుటయ్యారు. ఎవరా అని మొహం అటు తిప్పాను. మొహం తిరిగింది గానీ నోరు ఆగలేదు. రానీ, రానీ అంటూనే ఉంది. ఎంతసేపు? నాలుగు గుక్కలు? ఐదు? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కొలుచుకున్నానో. అరుగు మీద నుంచి జారిపడ్డ బస్తాను లాగడానికి సైదులు అనే హమాలీ కిందికి దిగి వంగాడు. నేను చూడలేదు. కేక విన్నాక చూశాను. కుడికాలు అరుగుకూ బండికీ నడుమ ఉంది.

సాయంత్రానికి మిర్యాలగూడ నుంచి సేటు జీపులో, సైదులును చేర్చిన దవాఖానకు వచ్చాడు. ముందు నన్నే అడిగాడు.

"వెనక నువ్వే కదరా ఉన్నది? సెప్పలేదా?"

అప్పటిదాకా అబద్ధం చెప్పాలనుకోలేదు. అనుకోలేదనే ఇప్పటికీ నా నమ్మకం. కానీ అంత సిద్ధంగా ఆ మాట నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? నాలుగేళ్లుగా లోపలెక్కడో తయారవుతూ ఉందా?

"హోల్డాన్ అన్న సేటు. రెండుసార్లు అన్న. ఆయన ఒక్కడే మాట్లాడుకుంటుండు. ఇనలే."

ఎవరూ మారు ప్రశ్న వేయలేదు. గోదాము కాపలావాడు పక్కనుంచి అందుకున్నాడు. "నిజమేనండి, ఎప్పుడు చూసినా ఆయన గొణుక్కుంటానే ఉంటాడండి" అన్నాడు. ఆ మనిషి నా మీద దయతో అనలేదు. తను చూసిందే చెప్పాడు. నేను చెప్పిందాంట్లో సగం నిజం ఉండటమే దాని బలం. పోలీసులకూ అదే చెప్పాను. అప్పటికి నోరు అలవాటు పడింది.

దవాఖాన వెనక నల్లా దగ్గర రూప్లన్న చేతులు కడుక్కుంటున్నాడు. చేతులకు ఏమీ లేదు. అయినా కడుగుతూనే ఉన్నాడు. నన్ను చూసి ఆగాడు.

"తమ్మీ, నిజం సెప్పు. నువ్వు హోల్డాన్ అన్నవా?"

"అన్న అన్నా."

"నాకు రానీ అన్నట్టే ఇనబడ్డది."

"నువ్వు నీలో నువ్వు మాట్లాడుకుంటున్నవ్. ఎట్ల ఇనబడ్తది?"

ఆయన నా మొహంలోకి చూశాడు. అనుమానంతో కాదు. దారి తప్పినవాడు దారి అడిగి చెప్పినవాడి వైపు చూసినట్టు చూశాడు. ఆ క్షణంలో ఒక్క తిట్టు తిట్టి ఉంటే, గల్లా పట్టుకుని ఉంటే, నేను చెప్పేసేవాణ్నేమో. తిట్టలేదు.

"గట్లనా" అన్నాడు. "అయితే నా నోరే నా చెవులు మూసింది."

నల్లా కట్టేసి వెళ్లిపోయాడు.

సైదులుకు మోకాలి కింద కాలు తీసేశారు. ఎవరు ఏమన్నారో అతనికి ఏమీ గుర్తులేదు. కేసు కొంతకాలం నడిచి ఖతమైంది. కానీ రూప్లన్నకు మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు. మిర్యాలగూడలో ఏ మిల్లుకు పోయినా, ఒక్కడే మాట్లాడేవాడు నువ్వేనా అని అడిగేవారట. సేటు ఆ లారీ స్టీరింగు నాకిచ్చాడు. నేను వద్దనలేదు. ఆ సీటు ఆయన ఒంటికి అలవాటుపడి ఒక పక్కకు కుంగిపోయి ఉండేది. అందులోనే కూర్చుని నడిపాను. సైదులు తర్వాత కోదాడ గోదాము గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. నా బండి వస్తే చెయ్యెత్తేవాడు. "నువ్వు మంచిగ ఇంటవ్ తమ్మీ, నీ బండి వస్తే నాకు భయం లేదు" అనేవాడు. నేను హారన్ కొట్టి లోపలికి పోయేవాణ్ని.

ప్రమాదం జరిగిన ఏడాదే వానాకాలంలో ఒకరోజు రూప్లన్న భార్య కమిలి సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. గడప అవతలే కూర్చుంది. ఆయన మాట్లాడటం మానేశాడని చెప్పింది. తనలో తాను మాట్లాడుకోవడమే కాదు, ఇంట్లోవాళ్లతో కూడా. నోరు కదలకుండా పొద్దుగూకులూ నాలుక కింద చింతగింజ పెట్టుకుంటున్నాడట. నీళ్లు తాగేటప్పుడు తీసి మళ్లీ పెట్టుకుంటాడట.

"నువ్వు నాలుగేండ్లు పక్కన కూసున్నవ్ తమ్మీ. నీకు ఎరుక. ఒక్కడే మాట్లాడుడు రోగమా? సెప్పు."

ఒక్క మాట చాలు. కాదు వదినా అంటే చాలు. అంత మాట అంటే మిగతాదంతా బయటికి వస్తుందని భయపడ్డాను. లోపల పాప ఏడుస్తోంది. నా భార్య చాయ్ పెడుతోంది. "పెద్ద డాక్టరుకు సూపెట్టుండ్రి" అన్నాను. ఆమె తల ఊపి, చాయ్ తాగి, లేచి వెళ్లింది. నా మాట పట్టుకుని ఎక్కడెక్కడో తిప్పారట. మాత్రలు, తాయెత్తులు. మాత్రలు వేసుకుని పగలంతా నిద్రపోయేవాడని తర్వాత విన్నాను. ఆ సీట్లో కూర్చున్నప్పటికంటే, ఆ గడప దగ్గర నేనన్న ఆ మాటే నన్ను ఎక్కువ తింటుంది. దవాఖానలో భయంతో అన్నాను. మరి ఇంట్లో, ఎవరూ గద్దించి అడగనిచోట, ఎందుకన్నాను?

తొంభైల్లో నా బీపీ చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోతే నా భార్య కూడా వచ్చింది. "ఈయన బండిల ఒక్కడే మాట్లాడుతుండట సారూ, ఇంట్ల గూడ అట్లనే" అని ఫిర్యాదు చేసింది. నిజమే. ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. డాక్టరు నవ్వాడు. చాలామంది మాట్లాడుకుంటారమ్మా, పని మీద మనసు నిలబడటానికి పనికొస్తుంది, నేనూ మాట్లాడుకుంటాను, దీనికి మందెందుకు అన్నాడు. నా భార్య కూడా నవ్వింది. ఇద్దరూ నవ్వుతుంటే నేను లేచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ వారమే తండాకు వెళ్లాను. రూప్లన్న ఇంటి ముందు కూర్చుని జనపనారతో తాడు పేనుతున్నాడు. జుట్టు తెల్లబడింది. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. నన్ను గుర్తుపట్టి మంచం చూపించాడు. కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. హోల్డాన్ అనలేదని, రానీ అన్నానని, రేడియో వైపు చూశానని, నీ తప్పేమీ లేదని. కమిలి గుమ్మంలో నిలబడి విన్నది.

ఆయన పేనుతున్న తాడును పక్కన పెట్టాడు.

"లేదు తమ్మీ" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. "నువ్వు అన్నవ్. రెండుసార్లు అన్నవ్. నాకు మంచిగ యాదికున్నది. నేను ఇన్న గని కాలు బ్రేకు మీదికి పోలే."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ రోజు నల్లా దగ్గర ఆయనకు నిజం తెలుసు. చెవులతో విన్న నిజం. నేను దాన్ని తీసేసి నా మాట పెట్టాను. ఇన్నేళ్లు దాన్నే తలుచుకుని, తలుచుకుని, ఇప్పుడు నేను అనని మాట ఆయనకు నా గొంతుతోనే వినబడుతోంది. మళ్లీ చెప్పాను. చాయ్ హోటల్ సంగతి, అవుటైన సంగతి, అన్నీ చెప్పాను. ఒట్టు వేశాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"నా పాపం నువ్వు మీదేసుకోకు. నీకు పిల్లలున్నరు."

కమిలి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నువ్వు మంచోనివి తమ్మీ అంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? జొన్నరొట్టె పెట్టారు. తిన్నాను. బస్సు దాకా ఆమె తోడు వచ్చింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీకు ఆ హక్కు లేదు. ఆ హక్కున్న మనిషికి, నన్ను క్షమించాల్సింది ఏదో ఉందన్న సంగతే తెలియకుండా చేశాను. సైదులుకూ చెప్పాలి. కోదాడ వైపు రెండుసార్లు బయలుదేరి వెనక్కి వచ్చాను. మూడోసారి వెళ్తానో లేదో మాట ఇవ్వలేను. కానీ జరిగింది జరిగినట్టు ఈ భూమ్మీద ఇంకొక్కరికైనా తెలియాలని ఇది రాశాను. ఇప్పుడు మీకు తెలుసు. ఇంతకాలం నాకు ఒక్కడికే తెలుసు.