రేకు చెవుల పాట

ఆ రోజుల్లో పాట కావాలంటే దాని కోసం కాచుకుని కూర్చోవాల్సిందే. రేడియోవాళ్లు వేసినప్పుడే వినాలి, మళ్లీ వేయమని బతిమాలినా వేయరు. అందుకేనేమో నా వయసువాళ్లకి పాటతోపాటు అది విన్న గంట, గది, పొయ్యి మీద ఉడుకుతున్న కూర కూడా గుర్తుంటాయి. ఇక్కడ అమెరికాలో, డబ్లిన్‌లో లైబ్రరీ వెనక గదిలో మేం పదకొండుమందిమి నెలకోసారి చేరి, తలా ఒక పాత రాక్ పాటో, ఇక్కడి పల్లెల కంట్రీ పాటో వినిపించి, దాని వెనకున్న కథ చెప్పుకుంటాం. మనిషికి ఐదు నిమిషాలు. టైము నేను చూస్తాను (నన్నెవరూ నియమించలేదు, కానీ ఎవరో ఒకరు చూడాలిగా). కిందటి నెల ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు కాలేజీ కాంటీన్‌లో ప్లేట్లు కడుగుతూ విన్న రాక్ పాట గురించి పదిహేడు నిమిషాలు మాట్లాడారు. అందులో పాట నాలుగు నిమిషాలే. నా వంతులో నేను నాలుగున్నరలో ముగించాను. అంత తొందరలో చెప్పకుండా వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మావారు ఆర్కన్సాలో చదువుకుంటున్నారు. ఇప్పుడు మనవాళ్లు వీధికి నలుగురున్న బెంటన్‌విల్‌కి యాభై రెండు మైళ్ల దూరంలో ఒక చిన్న ఊళ్లో, ఒక చిన్న ఆసుపత్రి లాబ్‌లో నాకు రక్తపరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. మా ఇద్దరికీ అదే ఆధారం, అది పోతే మావారి చదువు మధ్యలో ఆగుతుంది. పరీక్షలు చేయడంలో నన్ను వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. చిక్కల్లా ఆ ఊరివాళ్ల మాటతోనే. నేను గుంటూరులో నేర్చుకున్న ఇంగ్లీషుకీ వాళ్ల ఇంగ్లీషుకీ మధ్య దూరపు చుట్టరికం కూడా ఉన్నట్టు తోచేది కాదు. రెండో వారంలో మా లాబ్ పెద్దాయన (మనిషి నిలువునా గంజి పెట్టినట్టుండేవాడు, అందుకని మా ఇంట్లో ఆయన పేరు గంజిదొర) చెయ్యి చాచి, “పిన్ ఇవ్వు” అన్నాడు. పరుగున వెళ్లి గుండుసూది తెచ్చి ఇచ్చాను. ఆయన సంతకం పెట్టాల్సిన కాగితాన్నీ, సూదినీ, నన్నూ ఆ వరసలోనే చూసి, తన జేబులోని పెన్ను తీసుకున్నాడు.

నాలుగో వారంలో వ్యవహారం ముదిరింది. ఒక డాక్టరుగారు ఫోన్ చేసి, “టిన్ ట్యూబులు పంపించు” అన్నారు. స్టోరు గది మొత్తం ఇరవై ఐదు నిమిషాలు వెతికి, ఆయనకి నేనే ఫోన్ చేసి చాలా మర్యాదగా చెప్పాను. “సర్, మా దగ్గర గాజు ట్యూబులే ఉన్నాయి. రేకువి లేవు.” ఆయన ఫోన్ పెట్టేసి గంజిదొరకి కబురు చేశారు. గంజిదొర కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. “యంగ్ లేడీ, నీ చేతిపని మంచిది. కానీ ఫోన్‌లో మాట అర్థం కానివాళ్లు రక్తం దగ్గర ఉండకూడదు. రెండు వారాలు చూస్తాను. ఆ శుక్రవారం మాట్లాడుకుందాం” అన్నాడు.

లాబ్‌లో నాతో పనిచేసే ఒక పెద్దావిడ ఉండేది. ఎవరినైనా “హనీ” అనే పిలిచేది కాబట్టి ఆవిడ మాకు తేనక్క. నేను స్టోరు గదిలో కళ్లు తుడుచుకుంటుంటే చూసి, “హనీ, ఏడిస్తే చెవులు బాగుపడవు. కంట్రీ స్టేషన్ పెట్టుకుని విను. వాళ్లు పాడేదీ మేం మాట్లాడేదీ ఒకటే, కాకపోతే వాళ్లు కాస్త నిదానంగా ఏడుస్తారు” అంది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. మావారికి రాక్ పాటలంటే ప్రాణం. ఆయన మాట కాదనలేక ఒక రోజు రాక్ స్టేషన్ కూడా ప్రయత్నించాను. ఆరు పాటల్లో నాకు తెలిసిన మాటలు మూడు, అందులో రెండు “బేబీ”లే, మిగతాదంతా గిటారు. కంట్రీ స్టేషన్‌కే తిరిగొచ్చాను. పాట వస్తుంటే చెవికి ఎలా పడితే అలా తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంగ్లీషు స్పెల్లింగ్ నమ్మడానికి వీల్లేదు, మన లిపి అయితే విన్నది విన్నట్టు పట్టుకుంటుంది. తొమ్మిది రోజుల్లో నలభై ఒక్క పాటలు (ముప్ఫై తొమ్మిదని మావారు చివరిదాకా వాదించారు, నోట్‌బుక్ నా దగ్గరే ఉంది). పక్కన నిమిషాలు, సెకన్లు కూడా వేసుకున్నాను. “నువ్వు పాట వింటున్నావా, పోస్టుమార్టం చేస్తున్నావా?” అనేవారు ఆయన.

వాటిలో ఇరవై రెండోది మూడు నిమిషాల నాలుగు సెకన్ల పాట. ఒకడు తనని వదిలివెళ్లిన ప్రియురాలి కోసం తలుపు తెరిచిపెట్టుకుని కూర్చుంటాడు. పల్లవిలో మాటిమాటికీ “టిన్ ఇయర్స్” అంటాడు. నా పుస్తకంలో అలాగే రాసి, పక్కన ‘రేకు చెవులు’ అని అర్థం వేసుకున్నాను. పాపం, చెవిటివాడు! ఆమె తిరిగొచ్చి తలుపు తట్టినా వినపడదు. నాలాంటి చెవులే వాడివీ అనుకుని, వంకాయలు తరుగుతూ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

మర్నాడు తేనక్కతో ఈ జాలి పంచుకున్నాను. ఆవిడ బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వింది. “హనీ, టిన్! నా నోరు చూడు. సెవిన్, ఎయిట్, నైన్, టిన్!” అంటూ రెండు చేతుల పది వేళ్లూ నా ముఖం ముందు ఆడించింది. పది! పదేళ్లు! నేను వెళ్లి నోట్‌బుక్ తెరిచాను. పాట తర్వాత పాట చూసుకుంటూ పోతే విషయం బయటపడింది. ‘న’ శబ్దానికి ముందు ఎక్కడ ఎత్వం ఉండాలో అక్కడల్లా వీళ్లు గుడి పెడుతున్నారు. పెన్ పిన్ అయింది, టెన్ టిన్ అయింది. ఎత్వం అక్కర్లేకుండా ఒక ఊరికి ఊరు హాయిగా కాపురం చేసుకుంటోంది. నోట్‌బుక్ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: ‘గుడి వినపడితే నమ్మకు. అడుగు.’

ఆ శుక్రవారం రానే వచ్చింది. పదకొండున్నరకి నన్ను గదిలోకి రమ్మన్నాడు గంజిదొర. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి ఆపరేషన్ గది నుంచి ఫోన్ మోగింది. ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు, నన్ను చూడటానికే నిలబడ్డాడు. అవతల నర్సు ఒక ఇంటిపేరు చెప్పి, “జిన్నీకి ఇంకో సంచి రక్తం కావాలి, వెంటనే!” అంది. నేను పైకి “జిన్నీ” అన్నాను. ఆ మాట వింటూనే గంజిదొర ఫ్రిజ్ తెరిచి, జిన్నీ అని చీటీ ఉన్న సంచి తీసుకుని తలుపువైపు నడిచాడు. తేనక్క ఆయనకి తలుపు తీసి పట్టుకుంది. వాళ్లిద్దరికీ ఏ అనుమానమూ లేదు.

నా చూపు మాత్రం ఫ్రిజ్‌లో కింది అర మీద పడింది. అక్కడ అదే ఇంటిపేరుతో ఇంకో సంచి ఉంది. జెన్నీ. పొద్దున నేనే సరిచూసి పెట్టాను. ఇద్దరి గ్రూపులూ వేరు.

ఆ కంగారులో నర్సుని నేనడిగిన ప్రశ్న అచ్చ తెలుగులో వచ్చింది. “గుడి జిన్నీయా, ఎత్వం జెన్నీయా?”

“ఏంటీ?”

“స్పెల్లింగ్. స్పెల్లింగ్ చెప్పండి, ప్లీజ్.”

“స్పెల్లింగా? హనీ, ఇక్కడ మనిషి టేబుల్ మీద ఉంది! జిన్నీ! జిన్నీ అని చెప్తున్నానుగా!”

“మొదటి రెండక్షరాలు చెప్పండి. అంతవరకూ రక్తం రాదు” అన్నాను. అన్నది నేనేనా అని నాకే సందేహం వచ్చింది. గంజిదొర తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఆయన ముఖంలో నా ఉద్యోగం ముగిసిపోవడం స్పష్టంగా కనపడింది. “ఇవ్వమన్నాక ఇవ్వాలి, యంగ్ లేడీ” అంటూ తలుపులోంచి అడుగు బయట పెట్టాడు. నేను ఫోన్ తీగ సాగినంత మేర సాగదీసి, రెండో చేత్తో ఆయన కోటు చెయ్యి పట్టుకున్నాను. గోడ గడియారంలో సెకన్ల ముల్లు కదలడం చూస్తున్నాను. నాలుగు, ఐదు, ఆరు.

ఫోన్‌లో నర్సు విసుగ్గా అరిచింది. “జే! ఈ!”

నేను ఆయన చేతిలో ఉన్న సంచి చీటీ మీద మొదటి అక్షరం కింద వేలు పెట్టాను. జీ. దాని పక్కన ఐ.

గంజిదొర వెళ్లి సంచి మార్చుకుని, ఆ వయసులో అలా పరిగెత్తగలడని నేనెప్పుడూ అనుకోనంత వేగంగా పరిగెత్తాడు. నేను ఫోన్ పెట్టేసి కింద కూర్చుండిపోయాను. కుర్చీ రెండడుగుల అవతలుంది.

పదకొండున్నరకి గదిలోకి వెళ్తే, ఉద్యోగం మాట ఎత్తకుండా “నీకెలా తెలిసింది?” అన్నాడు. నోట్‌బుక్ చూపించాను. ఆ వంకరల్ని తిప్పి తిప్పి చూసి, “ఈ చిన్న టోపీ ఏంటి?” అని అడిగాడు. “గుడి, సర్.” “గూడీ” అన్నాడాయన. సోమవారం నేను వెళ్లేసరికి ఫోన్ పక్కన గోడకి కాగితం అంటించి ఉంది. ఫోన్‌లో చెప్పిన ప్రతి పేరుకీ స్పెల్లింగ్ అడగాలి. కింద ఆయన చేతిరాతతో టోపీలాంటి బొమ్మ. నేనక్కడ పనిచేసిన మూడేళ్ల ఏడు నెలలూ “దాన్ని గూడీ చేశావా, హనీ?” అని తేనక్క రోజూ అడుగుతూనే ఉంది.

మొన్న గోష్ఠిలో ఈ పాట వినిపించడానికి ఫోనూ స్పీకరూ చూసుకోమని మా మనవరాల్ని వెంట తీసుకెళ్లాను. అది ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు చదవడం ఈ మధ్యే నేర్చుకుంటోంది. పాట నడుస్తుండగా నా పాత నోట్‌బుక్‌లో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

“అమ్మమ్మా, ఇది మిస్టేక్. హీ ఈజ్ సేయింగ్ టెన్. నువ్వు కరెక్ట్ చేయలేదు?”

“లేదు. అప్పుడు విన్నది అదే.”

“ఇప్పుడేం వినిపిస్తుంది నీకు?”

నిరుడు రెండు చెవులకీ పెట్టిన మిషన్లలో కుడిదాన్ని కాస్త సర్దుకుని విన్నాను. “టిన్” అన్నాను.

అది నా చెవులకేసి చూసి ఫక్కుమంది. “అయితే అమ్మమ్మా, ఇప్పుడు నీకే ఉన్నాయి కదా, టిన్ ఇయర్స్!”

గదిలో నాతో కలిపి పదకొండుమందీ నవ్వాం. పాట అయిపోయింది, మూడు నిమిషాల నాలుగు సెకన్లు, తేడా లేదు. ఇంటికొస్తూ కారులో ఆ వంకాయలు తరిగే ఇరవై నాలుగేళ్ల పిల్లే గుర్తొచ్చింది. రేకు చెవులవాడి కోసం అంతలా ఏడ్చింది! వెర్రిదానా, నీ లెక్కలో పొరపాటేమీ లేదులే. కాకపోతే ఆ జాలి చేరాల్సిన మనిషి అప్పటికింకా ముసలిదవ్వలేదు, అంతే.